రోడ్ బైకా, ట్రై బైకా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే ట్రయథ్లాన్‌కు సిద్ధమయ్యేవాళ్లు సైకిల్ దగ్గరికి వచ్చేసరికి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. ఇక్కడ బైక్ అంటే సైకిలే, ట్రై బైక్ అంటే ట్రయథ్లాన్ కోసం చేసిన సైకిల్. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాం కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మొదటి ట్రయథ్లాన్ చేస్తున్నా. ట్రై బైక్ కొనాల్సిందేనా?

అక్కర్లేదు. స్ప్రింట్‌లో 20 కి.మీ., ఒలింపిక్ దూరంలో 40, హాఫ్‌లో (ఐరన్‌మ్యాన్ 70.3 అంటే ఇదే) 90, ఫుల్‌లో (ఐరన్‌మ్యాన్ దూరం) 180 కి.మీ. తొక్కాలి. ఇవన్నీ రోడ్ బైక్ మీద హాయిగా పూర్తవుతాయి. స్ప్రింట్ అయితే హైబ్రిడ్ మీద కూడా అయిపోతుంది. మొదటి రేసులో టైమ్ పోయేది ఎక్కువగా ఈతలో కంగారు వల్ల, సైకిల్ మీద సరిగా తినక తాగక, ఆ తర్వాత పరుగులో కాళ్లు లాగేయడం వల్ల. వీటిలో దేన్నీ ట్రై బైక్ బాగుచేయదు. ఒకటే సైకిల్ కొనగలిగే పరిస్థితి ఉంటే అది రోడ్ బైకే కావాలి.

చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. అసలు తేడా ఎక్కడుంది?

సీటు ఎక్కడుంది, చేతులు ఎక్కడ ఆనుతున్నాయి అన్నదాంట్లో. రోడ్ బైక్ సీట్ ట్యూబ్ (సీటు కిందనుంచి పెడల్ ఇరుసుకు దిగే గొట్టం) కోణం 72 నుంచి 74 డిగ్రీలు ఉంటుంది. ట్రై బైక్‌లో 76 నుంచి 80 దాకా పోతుంది. అంటే సీటు ముందుకు జరిగి దాదాపు పెడల్ ఇరుసు నెత్తికి వస్తుంది. మనిషి మొత్తం తుంటి దగ్గర్నుంచి ముందుకు తిరిగి మోచేతులను ప్యాడ్ల మీద ఆన్చుతాడు. వీపు నేలకు దగ్గరగా వచ్చినా తుంటి దగ్గర కోణం మూసుకుపోదు, మోకాలు పొట్టకు తగలదు.

ఇక హ్యాండిల్. రోడ్ బైక్‌లో బ్రేకూ గేరూ ఒకే లివర్‌లో, చేతికిందే ఉంటాయి. ట్రై బైక్‌లో గేర్లు ముందుకు పొడుచుకొచ్చే ఏరో బార్ల కొసన, బ్రేకులు పక్కనున్న బేస్ బార్ మీద ఉంటాయి. ఏరోలో (మోచేతులు ప్యాడ్ల మీద ఆన్చి, వంగి) ఉన్నప్పుడు బ్రేక్ పట్టాలంటే చేతులు తీసి అక్కడికి చేరాలి. నీళ్ల సీసాలు, తిండి డబ్బా, పంక్చర్ సామాను ఫ్రేమ్‌లోనే ఇమిడేలా చేసిన ట్రై బైకులు ఇప్పుడు చాలా ఉన్నాయి.

టీటీ బైక్, ట్రై బైక్ ఒకటేనా?

దగ్గరి చుట్టాలు. టీటీ బైక్ సైక్లింగ్ టైమ్ ట్రయల్స్ (ఒంటరిగా గడియారంతో పోటీ) కోసం, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధనలకు లోబడి తయారవుతుంది. ట్రయథ్లాన్‌కు ఆ ఫ్రేమ్ నిబంధనలు వర్తించవు, అందుకే వెంటమ్ వన్ లాంటి బైకులో డౌన్ ట్యూబే (హ్యాండిల్ కిందనుంచి పెడల్ ఇరుసుకు వాలే గొట్టం) ఉండదు. టీటీ బైక్ మీద ట్రయథ్లాన్ చేయడానికి అడ్డేమీ లేదు. కానీ ముందుభాగం మరీ కిందికి ఉండే టీటీ ఫ్రేములు 90 కి.మీ. దాటాక మామూలు వాళ్లకు భరించడం కష్టం.

మరి ఏరో రోడ్ బైక్ మధ్యేమార్గం అవుతుందా?

పాక్షికంగా. ఫ్రేమ్, చక్రాలు గాలిని బాగా కోస్తాయి, కానీ మీరు కూర్చునే తీరు రోడ్ బైక్‌దే. గాలిని అడ్డుకునేదాంట్లో పెద్ద వాటా ఫ్రేమ్‌ది కాదు, మనిషి ఒంటిది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ బైకుల్లో హ్యాండిల్ పైభాగం చదునుగా, స్టెమ్‌తో (హ్యాండిల్‌ను ఫోర్క్‌కు కలిపే ముక్క) కలిసిపోయి ఉంటుంది. చాలావాటికి మామూలు ఏరో బార్లు బిగించడానికి చోటే ఉండదు. ట్రయథ్లాన్ మనసులో ఉంటే కొనేముందే ఈ సంగతి అడగండి.

ట్రై బైక్ తొక్కితే పరుగుకు కాళ్లు మిగులుతాయంటారు. నిజమేనా?

ప్రచారంలో ఉన్నంత నిజం లేదు. సీటు ముందుకు రావడం వల్ల తుంటి కోణం తెరుచుకుని, సైకిల్ దిగగానే నడుం నిటారుగా పెట్టి పరుగెత్తడం చాలామందికి తేలికవుతుంది. అంతవరకు ఒప్పుకోవచ్చు. తొడ వెనక కండరాలు పూర్తిగా విశ్రాంతిలో ఉంటాయన్నది మాత్రం అతిశయోక్తి. పరుగు బాగుండాలంటే సైకిల్ మీద శక్తికి మించి తొక్కకుండా ఉండటమే మొదటి సూత్రం. ఫిట్ (సైకిల్ కొలతలు ఒంటికి సరిపోవడం) కుదరని ట్రై బైక్ మీద 90 కి.మీ. నడుం బిగపట్టి కూర్చుంటే పరుగు ఇంకా పాడవుతుంది.

## ఎంత లాభం, ఎవరికి

నిజంగా ఎంత టైమ్ మిగులుతుంది?

లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, చదును రోడ్డు, గాలి లేదు. రోడ్ బైక్ హుడ్స్ (బ్రేక్ లివర్ల పైభాగం) మీద చేతులు పెట్టి గంటకు 32 కి.మీ. వేగంతో వెళ్లడానికి సుమారు 170 వాట్లు కావాలి. అందులో 135కు పైగా గాలిని తోయడానికే పోతాయి. అదే మనిషి ఒద్దికగా ఏరో పొజిషన్‌లోకి వస్తే గాలికి ఎదురయ్యే పరిమాణం 0.34 నుంచి 0.28 చ.మీ.కు తగ్గిందనుకుందాం. అవే వాట్లతో వేగం గంటకు 34 కి.మీ. దగ్గరికి చేరుతుంది. 90 కి.మీ.లో 9 నిమిషాలు మిగులుతాయి.

ఈ 9 నిమిషాల్లో ఎక్కువ భాగం ఒంటి తీరు మారడం వల్ల వచ్చిందే. రోడ్ బైక్‌కు ఏరో బార్లు బిగించి సరిగ్గా కూర్చున్నా అందులో పెద్ద వాటా దక్కుతుంది. 1989 టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కి.మీ. టైమ్ ట్రయల్‌లో గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి బయల్దేరి, లారాన్ ఫిన్యోను మొత్తం మీద 8 సెకన్ల తేడాతో ఓడించాడు. లెమాండ్ మోచేతులు ఏరో బార్ల మీద ఆనాయి, ఫిన్యో మామూలు హ్యాండిల్ పట్టుకున్నాడు. ట్రయథ్లెట్లు అప్పటికే వాడుతున్న ఆ బార్ల వైపు సైక్లింగ్ లోకమంతా తిరిగింది ఆ రోజు తర్వాతే.

నేను గంటకు 25 కి.మీ. మించి తొక్కలేను. ఏరో నాకెందుకు?

ఇది చాలామంది తప్పుగా అనుకునే విషయం. వేగం తక్కువైతే మిగిలే వాట్లు తక్కువే, కానీ రోడ్డు మీద ఉండే సమయం ఎక్కువ. గంటకు 25 కి.మీ. తొక్కే మనిషి అదే శ్రమతో ఏరోలో 26.4 దాకా పోగలడు. 90 కి.మీ.కు 3 గంటల 36 నిమిషాలు పట్టేది 3 గంటల 25కు దిగుతుంది. 11 నిమిషాలు, అంటే వేగంగా తొక్కేవాళ్లకంటే ఎక్కువే! ఒక్కటే షరతు: ఆ మూడున్నర గంటల్లో ఎక్కువ సేపు ఏరోలో ఉండగలగాలి. పావుగంటకోసారి లేచి కూర్చునేవాళ్లకు బైక్ మార్చడంకంటే ఫిట్ సరిచేసుకోవడం మేలు.

గోవా 70.3కి ఏది మంచిది?

2019లో మొదలైన ఈ రేసు మన వైపు నుంచి వెళ్లే చాలామందికి మొదటి హాఫ్. పణజిలో అదే రోడ్డును లూపులుగా తిరిగే 90 కి.మీ., మధ్యలో యూ-టర్నులు, ఎండ, ఉక్కపోత. ప్రతి యూ-టర్న్ దగ్గరా ఏరోలోంచి లేవాలి, బ్రేక్ పట్టాలి, మళ్లీ వేగం అందుకోవాలి. ఇలాంటి కోర్సులో ఏరో బార్లు పెట్టిన రోడ్ బైక్‌కూ ట్రై బైక్‌కూ మధ్య తేడా తగ్గుతుంది. ట్రై బైక్ అలవాటైనవాళ్లు అదే తీసుకెళ్లొచ్చు. ఈ రేసు కోసమే కొత్తగా కొనడం అనవసరం. కోర్సు ఏటా కొంత మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాది మ్యాప్ చూసి మలుపులెన్నో లెక్కపెట్టుకోండి.

ఎక్కుళ్లు ఎక్కువున్న కోర్సయితే?

చాలామంది భయపడేది బరువు గురించి. ట్రై బైక్ అదే ధరలో దొరికే రోడ్ బైక్‌కంటే ఒక కిలో అటూ ఇటూగా ఎక్కువ ఉంటుంది. మొత్తం 80 కిలోల్లో కిలో అంటే నూటికి ఒకటింపావు. 20 నిమిషాల ఎక్కుడులో 15 సెకన్లు పోతాయి, అంతే. 2023లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో జరిగిన ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీ కోర్సులో సుమారు 2,400 మీటర్ల ఎక్కుడు ఉన్నా ప్రొఫెషనల్స్‌లో ఎక్కువమంది ట్రై బైకులే తీసుకున్నారు.

అసలు తేడా దిగేటప్పుడు తెలుస్తుంది. వంకర టింకర ఘాట్ దిగుతుంటే చేతులు బ్రేకుల మీద ఉండాలి, బరువు వెనక్కి ఉండాలి. రోడ్ బైక్ ఆ పని బాగా చేస్తుంది. అనంతగిరి కొండల్లాంటి చోట దిగేటప్పుడు ట్రై బైక్ మీద మీ భుజాలు బిగుసుకుపోతుంటే, అలాంటి రేసుకు రోడ్ బైకే తీసుకెళ్లండి.

డ్రాఫ్ట్ లీగల్ రేసు అంటే ఏమిటి? అక్కడ ట్రై బైక్ ఎందుకు ఒప్పుకోరు?

ముందున్నవాళ్ల చక్రం వెనకే నక్కి గాలి తప్పించుకోవడం అనుమతించే రేసు. ఒలింపిక్స్‌లో జరిగేది ఇదే. గుంపులో చక్రానికి చక్రం ఆనేంత దగ్గరగా వెళ్తూ మోచేతుల మీద ఉంటే, బ్రేక్ అందేలోపు పదిమంది పడిపోతారు. అందుకే అక్కడ డ్రాప్ హ్యాండిల్ (కొసలు కిందికి వంగినది) ఉన్న రోడ్ బైక్ మాత్రమే. ఐరన్‌మ్యాన్, 70.3 రేసుల్లో మనలాంటి ఏజ్ గ్రూప్ (ప్రొఫెషనల్స్ కాని) వాళ్లకు డ్రాఫ్టింగ్ నిషేధం. ముందు సైకిల్ ముందు చక్రం నుంచి మీ ముందు చక్రం దాకా 12 మీటర్ల దూరం ఉండాలి. దాటాలనుకుంటే 25 సెకన్లలో దాటేయాలి. ఒంటరిగా గాలిని ఎదుర్కోవాల్సిన ఈ రేసుల కోసమే ట్రై బైక్ పుట్టింది.

ఆదివారం గ్రూప్ రైడ్‌కి కూడా ట్రై బైక్ వాడొచ్చా?

వద్దు. బేస్ బార్ పట్టుకుని తొక్కితే గేర్లు అందవు, ఏరోలో తొక్కితే బ్రేకులు అందవు. పక్కవాళ్లకు మీరే ప్రమాదం అవుతారు. చాలా గ్రూపుల్లో ఏరో బార్ల మీద ఆనడాన్ని ఒప్పుకోరు, అది న్యాయమే. వారంలో మీ రైడ్లలో సగానికి పైగా గుంపుతోనే అయితే మీకు కావాల్సింది రోడ్ బైక్.

హైదరాబాద్‌లో, విశాఖలో ట్రై బైక్ ప్రాక్టీస్ కుదురుతుందా?

కుదురుతుంది, చోటూ వేళా చూసుకుంటే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 23 కి.మీ. పొడవు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కి.మీ. వెడల్పు 4.5 మీటర్లే. తెల్లవారుజామున ఖాళీగా ఉన్నప్పుడు ఏరోలో తొక్కండి. సాయంత్రం పిల్లలు, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంటారు, అప్పుడు చేతులు బ్రేకుల మీదే ఉండాలి. ఔటర్ మెయిన్ రోడ్డు మీద సైకిళ్లకు అనుమతి లేదు.

విశాఖలో భీమిలి బీచ్ రోడ్డు పొడవుగా బాగుంటుంది. అయితే సముద్రం మీంచి వచ్చే పక్కగాలి లోతైన రిమ్ములను ఒక్కసారిగా తోస్తుంది. మొదట్లో మామూలు చక్రాలతో వెళ్లండి. ఏ ఊళ్లోనైనా గుంతలు, చెప్పకుండా వచ్చే స్పీడ్ బ్రేకర్లు ఉన్న రోడ్డు మీద ఏరో వద్దు. ఆ ప్రాక్టీస్ ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండ్) మీద చేసుకోండి.

## రోడ్ బైక్‌కే ఏరో బార్లు బిగించుకోవాలంటే

నా హ్యాండిల్‌కు ఏరో బార్లు పడతాయా?

స్టెమ్‌కు అటూ ఇటూ హ్యాండిల్ గుండ్రంగా, 31.8 మి.మీ. మందంతో ఎంత దూరం ఉందో కొలవండి. క్లాంపులు ఆ మందం మీదే పట్టుకుంటాయి. ఒక్కో వైపు కనీసం 3 నుంచి 4 సెం.మీ. చోటు లేకపోతే కష్టం. హ్యాండిల్ సన్నబడే చోట బిగిస్తే ఎంత తిప్పినా జారుతుంది. కార్బన్ హ్యాండిల్ అయితే ఏరో బార్లకు తయారీదారు అనుమతి ఉందో లేదో చూడాలి. లేదంటే ఓ మామూలు అల్యూమినియం హ్యాండిల్ వేసుకోవడం అన్నిటికంటే నిశ్చింత.

క్లాంప్ మీద ముద్రించిన టార్క్ (బిగింపు బలం) ఎంతో చూసి, సాధారణంగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు ఉంటుంది, టార్క్ రెంచ్‌తోనే బిగించండి. తర్వాత క్లాంప్‌కూ హ్యాండిల్‌కూ కలిపి మార్కర్‌తో ఒక సన్నటి గీత గీయండి. గుంతలున్న రోడ్డు మీద ఒక రైడ్ చేసి వచ్చి చూస్తే, గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే బార్ తిరుగుతోందన్నమాట.

బార్లు బిగించా. సీటు అలాగే ఉంచాలా?

అలాగే ఉంచితే ముందుకు సాగిలపడి, సీటు ముక్కు మీదికి జారుతూనే ఉంటారు. ఏరో బార్లు పారేసినవాళ్లలో ఎక్కువమందికి ఎదురైంది ఇదే. వరుసగా ఇలా చేయండి:

1. ఇప్పుడున్న సీటు ఎత్తు, సీటు కొస నుంచి హ్యాండిల్ దాకా దూరం కొలిచి రాసిపెట్టుకోండి.
2. సీటును పట్టాల మీద 2 సెం.మీ. ముందుకు జరపండి. పట్టాల మీద గీసిన హద్దు దాటొద్దు.
3. ముందుకు వస్తే పెడల్‌కు దగ్గరవుతారు. ప్రతి 10 మి.మీ.కు 3 మి.మీ. చొప్పున సీటు పైకి ఎత్తండి. 2 సెం.మీ.కు 6 మి.మీ.
4. ఇంకా ముందుకు కావాలంటే వెనక్కి వంపున్న సీట్ పోస్ట్ (సీటును మోసే కడ్డీ) బదులు నిటారుది వేయండి. సీటు సెం.మీ. జరిగితే కోణం ఒక డిగ్రీకి కాస్త తక్కువ మారుతుంది.
5. మోచేతులు ప్యాడ్‌కు కొంచెం వెనక, భుజానికి ఇంచుమించు నిలువుగా కింద ఉన్నాయో లేదో పక్కనుంచి వీడియో తీసి చూడండి. చేతులు సాగిపోయి కనిపిస్తే స్టెమ్ 1, 2 సెం.మీ. పొట్టిది వేయాలి.

రోడ్ పొజిషన్ కూడా కాపాడుకోవాలనుకుంటే మూడో మెట్టు దగ్గరే ఆగండి. ఇంకో సీటు, సీట్ పోస్ట్ కొని రేసుకు ముందు మార్చుకునేవాళ్లూ ఉన్నారు. పది నిమిషాల పని, టేప్ చుట్టి గుర్తు పెట్టుకుంటే ఎత్తు తప్పదు.

ఏరోలోకి వెళ్లగానే సైకిల్ అటూ ఇటూ ఊగుతోంది. ఏమైంది?

సాధారణంగా చెడిపోయింది ఏమీ లేదు. బరువు ముందు చక్రం మీదికి వచ్చింది, చేతులు మధ్యకు చేరాయి కాబట్టి చిన్న కదలిక కూడా స్టీరింగ్‌కు తెలుస్తుంది. బార్లను గట్టిగా పట్టుకోకండి. వేళ్లు వదులుగా పెట్టి బరువు మోచేతుల మీద వదిలేయండి. ప్యాడ్లు మరీ దగ్గరగా ఉంటే 2 సెం.మీ. దూరం జరపండి. అయినా ఊగితే ముందు బ్రేక్ పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఆడించండి. టకటకమంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్) వదులైంది, అది మెకానిక్‌కు చూపించాల్సిందే.

గేర్ మార్చాలంటే ప్రతిసారీ చెయ్యి తీయాలి కదా?

తీయాలి. చదును కోర్సులో గంటకు కొన్నిసార్లే కాబట్టి అది పెద్ద నష్టం కాదు. ఎలక్ట్రానిక్ గేర్లు ఉంటే ఏరో బార్ల కొసన అదనపు బటన్లు పెట్టుకోవచ్చు.

## ట్రై బైక్ కొనేటప్పుడు

ఎప్పుడు కొనడం న్యాయం?

ఈ మూడూ ఉంటే: ఏడాదికి కనీసం రెండు హాఫ్‌లు లేదా ఒక ఫుల్ చేస్తున్నారు, ఏరో బార్లు పెట్టిన రోడ్ బైక్ మీద గంటకు పైగా లేవకుండా ఉండగలుగుతున్నారు, రోడ్ బైక్‌ను అమ్మకుండా రెండోదిగా కొనగలరు. మూడోది లేకపోయినా కొందరు కొంటారు, ఆరు నెలలకు గ్రూప్ రైడ్లు మానేస్తారు, ఏడాదికి సైకిలే మూలన పడుతుంది. ఆ దారి పట్టొద్దు.

డబ్బు తక్కువుంది. ముందు దేనిమీద పెట్టాలి?

మొదట ఫిట్, తర్వాత ఏరో బార్లు, ఆపైన టైర్లు. మందపాటి పంక్చర్ ప్రూఫ్ టైర్ల బదులు తేలికగా దొర్లే మంచి టైర్లు వేస్తే గంటకు 35 కి.మీ. వేగంలో రెండు చక్రాలకూ కలిపి 10 వాట్లకు పైనే మిగులుతాయి. ఒంటికి అంటుకుని ఉండే ట్రై సూట్ కూడా ఖర్చుకు తగ్గ ఫలితమిస్తుంది. గాలికి రెపరెపలాడే జెర్సీ వేసుకుని లక్షల ఫ్రేమ్ మీద కూర్చుంటే ఉపయోగం లేదు. కొత్త రోడ్ బైక్ లక్ష లోపే మొదలవుతుంది, కొత్త ట్రై బైక్ లక్షల్లోనే.

సెకండ్ హ్యాండ్ ట్రై బైక్ చూస్తున్నా. ఏమేం చూడాలి?

ఫ్రేమ్ మెరుపు ఆఖరున చూడండి. మొదట ఫోర్క్ గొట్టం (స్టెమ్ బిగించే నిలువు గొట్టం) ఎంత పొడవు కోశారో చూడాలి. మొదటి యజమాని మరీ కిందికి వంగేవాడైతే దాన్ని పొట్టిగా కోసేసి ఉంటాడు, మళ్లీ పెంచలేం. ప్యాడ్ల కింద రైజర్లు (ఎత్తు పెంచే ముక్కలు) పెట్టే వీలుందో లేదో అడగండి. తర్వాత ఫ్రేమ్‌లో ఏ టైర్ పడుతుందో కొలవండి. పాత ట్రై ఫ్రేముల్లో 23, బలవంతంగా 25 మి.మీ. మాత్రమే పడుతుంది. మన రోడ్లకు 28 ఉంటే సుఖం. ఎప్పుడూ 23తో తిరిగితే చేతులకూ రిమ్ములకూ దెబ్బే.

వెనక బ్రేక్‌ను పెడల్ ఇరుసు కింద దాచిన మోడళ్లు ఉన్నాయి. అక్కడ దుమ్ము చేరి పట్టేస్తుంది, సర్దడం ఓపికతో కూడిన పని. ఆ బ్రేక్ విడిభాగాలు, సీట్ పోస్ట్ క్లాంప్ ఆ కంపెనీవే కావాలి, అవి దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. సీట్ పోస్ట్‌ను పూర్తిగా బయటికి తీయించండి. చెమట, ఎలక్ట్రోలైట్ నీళ్లు కారి క్లాంప్ తుప్పుపట్టి పోస్ట్ కదలకపోతే, ఆ బైక్ మీ సైజుకు ఎప్పటికీ రాదు.

కార్బన్ కోసం సీట్ క్లాంప్ చుట్టూ, పెడల్ ఇరుసు దగ్గర, వెనక చక్రం పక్క గొట్టాల మీద టార్చ్ వేసి చూడండి. రంగు మీద గీత గోటికి తగిలితే అనుమానించండి. నాణెంతో మెల్లగా తడుతూ వెళ్తే బాగున్న చోట స్ఫుటమైన చప్పుడు, దెబ్బతిన్న చోట మొద్దు చప్పుడు వస్తుంది. చైన్ గేజ్‌తో అరుగుదల 0.5 శాతం దాటిందేమో చూసి, దాటితే చైన్ ధర, మరీ అరిగితే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ధర కూడా తగ్గించి బేరమాడండి.

అమెరికాలో ఉన్న తమ్ముడు అక్కడి పాత ట్రై బైక్ తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?

సైజు మీదే అయితేనే. అక్కడ సెకండ్ హ్యాండ్ ట్రై బైకులు విరివిగా దొరకడం నిజం. కొన్ని చిక్కులు చెబుతాం. పాత చిన్న సైజు ఫ్రేముల్లో 700సీ బదులు 650సీ చక్రాలుంటాయి, వాటికి టైర్లు ఇక్కడ దొరకడం గగనం. అక్కడ ముందు బ్రేక్ ఎడమచేతికి ఉంటుంది, మన దగ్గర కుడిచేతికి. కేబుల్ బ్రేక్ అయితే మార్చడం సులువు. హైడ్రాలిక్ అయితే గొట్టాలు విప్పి నూనె మళ్లీ నింపాలి. కస్టమ్స్ సుంకం ఎంత పడుతుందో బయల్దేరే ముందే తెలుసుకుంటే బేరం నిజంగా బేరమో కాదో తేలుతుంది.

నా ఎత్తు 155 సెం.మీ. ట్రై బైక్ సరిపోతుందా?

సరిపోయేవి ఉన్నాయి గానీ ఎంపిక తక్కువ. ఎత్తును బట్టి సైజు పట్టిక నమ్మకండి. ముందు ఫిట్ చేయించుకుని పెడల్ ఇరుసు నుంచి ప్యాడ్ల దాకా నిలువు దూరం, అడ్డం దూరం రెండూ రాయించుకోండి. ఆ రెండు అంకెలు ఏ ఫ్రేమ్‌లో వస్తే అదే మీ సైజు. చిన్న ఫ్రేముల్లో మలుపు తిప్పేటప్పుడు బూటు కొస ముందు చక్రానికి తగులుతుంది, ఆపి ఉంచి పరీక్షించండి. 165 మి.మీ. లేదా ఇంకా పొట్టి క్రాంకులు (పెడల్‌ను ఇరుసుకు కలిపే చేతులు) వేస్తే ఇది కొంత తగ్గుతుంది, తుంటి కూడా తెరుచుకుంటుంది.

ఎలక్ట్రానిక్ గేర్లు అవసరమా?

రోడ్ బైక్‌కు విలాసం, ట్రై బైక్‌కు ఉపయోగం. బేస్ బార్ మీద, ఏరో బార్ల మీద రెండుచోట్లా బటన్లు పెట్టుకోవచ్చు కాబట్టి ఎక్కుడులో నిలబడి తొక్కుతూ గేర్ మార్చగలరు. డబ్బు చాలకపోతే కేబుల్ గేర్లతో వచ్చే నష్టం భరించదగ్గదే.

## ఫిట్, నొప్పులు

ఏరోలో పది నిమిషాలకే మెడ పట్టేస్తోంది. అలవాటవుతుందా?

కొంత అలవాటవుతుంది, కొంత సరిచేయాలి. ప్యాడ్లు మరీ కిందికి ఉంటే రోడ్డు చూడటానికి తల విపరీతంగా పైకెత్తాలి. 2 సెం.మీ. స్పేసర్లు పెట్టి పైకి లేపండి. గాలిలో పోయేది స్వల్పం, సౌఖ్యం వల్ల ఏరోలో ఉండే సమయం పెరగడమే లాభం. హెల్మెట్ నుదుటి మీదికి జారినా, కళ్లద్దాల పై ఫ్రేమ్ చూపుకు అడ్డొచ్చినా మెడే మోస్తుంది. ప్యాడ్ ముంజేతి మధ్యలో కాకుండా మోచేతికి దగ్గరగా ఆనాలి.

సీటు దగ్గర తిమ్మిరి వస్తోంది. సిగ్గుతో ఎవరినీ అడగలేకపోతున్నా.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నిర్లక్ష్యం చేయకూడదు కూడా. ఏరోలో తుంటి ముందుకు తిరగడంతో బరువు కూర్చునే ఎముకల మీంచి ముందుకు, మెత్తటి భాగం మీదికి వస్తుంది. రోడ్ బైక్ సీటు దానికోసం చేసింది కాదు. ముక్కు చీలి, పొట్టిగా ఉండే ట్రయథ్లాన్ సీటు వేయండి. దాన్ని సమంగా, లేదా 1, 2 డిగ్రీలు ముందుకు వంచి పెట్టండి. అంతకుమించి వంచితే ముందుకు జారి, బరువంతా భుజాల మీద పడుతుంది. సీటు మరీ ఎత్తైతే నడుం అటూ ఇటూ ఊగి ఒరుసుకుంటుంది, 3 మి.మీ. చొప్పున దించి చూడండి. సైకిల్ దిగాక కూడా తిమ్మిరి పోకపోతే తొక్కడం ఆపి డాక్టర్‌ను కలవండి.

రేసు ఎన్ని వారాల ముందు ట్రై బైక్‌కు మారాలి?

కనీసం 6 నుంచి 8 వారాలు. మొదట ట్రైనర్ మీద 10 నిమిషాల ముక్కలు, మధ్యలో లేచి కూర్చోవడం. తర్వాత 20, 40, ఆపైన రోడ్డు. నెల దాటాక వారానికొకసారి ఏరోలోంచి దిగి వెంటనే 15 నిమిషాలు పరుగెత్తండి. సీసా తీయడం, జెల్ చింపడం కూడా ఏరోలోనే ప్రాక్టీస్ చేయాలి.

## రేసు దగ్గరపడ్డాక

డీప్ రిమ్, డిస్క్ వీల్ అద్దెకు తీసుకోనా?

60 మి.మీ. లోతు రిమ్ము ముందు చక్రానికి వేసుకుని గాలిలో ఒక్కసారైనా తొక్కకపోతే రేసు రోజున మొదలుపెట్టొద్దు. ఐరన్‌మ్యాన్ రేసుల్లో ముందు చక్రానికి డిస్క్ (చువ్వలు కనపడకుండా పూర్తిగా మూసిన చక్రం) ఒప్పుకోరు. ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీకి పేరుపడ్డ హవాయిలోని కోనాలో అయితే గాలుల వల్ల వెనకదాన్ని కూడా ఏళ్ల తరబడి నిషేధించారు. ట్యూబులు కొనేటప్పుడు వాల్వ్ పొడవు రిమ్ లోతుకంటే 20 మి.మీ. ఎక్కువ ఉండాలి. 60 రిమ్ముకు 80 వాల్వ్. మామూలు స్పేర్ ట్యూబ్ జేబులో పెట్టుకెళ్లి, పంక్చరయ్యాక వాల్వ్ బయటికి రాక రేసు ఆగిపోయినవాళ్లు ఉంటారు.

విమానంలో తీసుకెళ్లడం ఏ బైక్‌తో తేలిక?

రోడ్ బైక్‌తో. పెడల్స్, చక్రాలు, సీట్ పోస్ట్, హ్యాండిల్ విప్పితే పెట్టెలో పడుతుంది. ట్రై బైక్‌లో కేబుళ్లు లోపలుండే హ్యాండిల్‌ను విప్పడం ముందే ఇంట్లో రెండుసార్లు చేసి, ఫోన్‌లో ఫొటోలు తీసుకోవాలి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేక్ అయితే చక్రం తీయగానే బ్రేక్ ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. అది లేకుండా లివర్ నొక్కుకుపోతే ప్యాడ్లు అతుక్కుని చక్రం మళ్లీ దూరదు. వెనక డీరైలర్ (గేర్ మార్చే భాగం) విప్పి గుడ్డలో చుట్టండి. తీయగలిగే బ్యాటరీలు చేతిసంచిలో పెట్టుకోండి. టైర్లు నింపే గ్యాస్ క్యాట్రిడ్జ్‌లు రేసు ఊళ్లోనే కొనుక్కోండి.

బైక్ చెక్ఇన్‌లో ఏం చూస్తారు?

రెండు బ్రేకులూ పట్టుకుంటున్నాయా, హ్యాండిల్ కొసల్లో, ఏరో బార్ల కొసల్లో బిరడాలు ఉన్నాయా, హెల్మెట్ పగల్లేదా అని. బిరడా లేని గొట్టం పడినప్పుడు ఒంట్లో దిగుతుంది కాబట్టి దాని మీద పట్టుబడతారు. రెండు అదనపు బిరడాలు, ఓ టేపు చుట్ట సంచిలో ఉంచండి. సైకిల్ ముందురోజు ఎండలో, రాత్రంతా బయటే ఉంటుంది. టైర్లలో గాలి పూర్తిగా నింపి వదిలేయకండి, రేసు ఉదయం పంపుతో నింపుకోండి. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైర్‌లో 70 నుంచి 75 పీఎస్‌ఐ చాలు. ట్రాన్సిషన్‌లో (ఈత నుంచి సైకిల్‌కు మారే చోట) సైకిల్ ముట్టుకునే ముందే హెల్మెట్ పట్టీ పెట్టుకోవాలి.